ఇంటి చదువు – కళాశాల గడప: దిగువ కృష్ణా డెల్టా చరిత్రలో ఒక పరిశీలన

రెండేళ్ల క్రితం, నాగాయలంక దాటి కరకట్ట దిగువన ఉన్న మా సంఘములలో ఒకదానినుండి ఒక అమ్మాయి వేదాంత విద్యకు దరఖాస్తు చేసుకొంది. ఐదవ తరగతి వరకు ఊరి బడిలో చదివింది. తర్వాత తల్లి రొయ్యల ప్లాంటులో పనికి వెళ్లవలసి రావడంతో తమ్ముళ్లను చూసుకొంటూ ఇంట్లో ఉండిపోయింది. ఆ రెండేళ్లూ సాయంత్రాలు మందిరపు వరండాలో నా భార్య దగ్గర చదువుకొంది. ఎనిమిదిలో మళ్లీ బడికి వెళ్లింది. తొమ్మిది సగంలో మానేసింది. పదవ తరగతి, ఇంటర్మీడియట్ ఓపెన్ స్కూలు ద్వారా రాసి ఉత్తీర్ణురాలైంది. దరఖాస్తు ఫారంలో ఒక పట్టిక ఉంది: ఆరవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు ఏ సంవత్సరం ఏ పాఠశాలలో చదివినదీ రాయాలి. ఏడు గడులు. ఎనిమిదవ తరగతి గడిలో బడి పేరు రాసి, మిగిలిన ఆరింటిలోనూ ఆ అమ్మాయి గుండ్రని అక్షరాలతో "ఇంటి వద్ద" అని రాసింది.

ఫారం తిరిగి వచ్చింది. "స్టడీ సర్టిఫికెట్లు జతపరచలేదు" అని ఎర్రసిరాతో రాసి ఉంది. రెండు మార్కుల జాబితాలు దానికే పిన్ను చేసి ఉన్నాయి. వాటిని ఎవరూ తిరగేసినట్లు కనబడలేదు. ఏ కళాశాల అన్నది ఇక్కడ అవసరం లేదు. మన కళాశాలలన్నిటి ఫారాలూ దాదాపు ఒకే అచ్చులోనివే.

కొంతకాలం బడిలో, కొంతకాలం ఇంట్లో చదివిన విద్యార్థిని కళాశాల ఏమని అడగాలి? నీకేమి వచ్చునని అడగాలా? ఎక్కడ కూర్చుని నేర్చుకొన్నావని అడగాలా? మొదటి ప్రశ్నకు పరీక్ష జవాబు చెబుతుంది, రెండవ ప్రశ్నకు హాజరుపట్టీ. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల విద్యాచరిత్రలో ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కనే నడిచాయి. ఏది ఎప్పుడు పైచేయి అయింది, అందువలన ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు గడప బయట మిగిలారు అన్నది పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం. నేను వృత్తిరీత్యా చరిత్రకారుడను కాను. సంఘ కాపరిగా ఈ ప్రశ్న నా బల్లమీదికి వచ్చింది కనుక వెనక్కి తిరిగి చూశాను.

వీధిబడి, ఇంటిబడి

ఇంటి చదువు మనకు విదేశీ వింత కాదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లోని బడుల లెక్క పంపమని కోరారు. మచిలీపట్నం జిల్లా కూడా లెక్క పంపింది. అన్నీ కలిపితే 12,498 బడులు తేలాయి. అయితే చెన్నపట్నం కలెక్టరు మాత్రం మరొక పని చేశారు. ఇళ్లలో చదువుకొనే పిల్లలను కూడా లెక్కించారు. బడులలో ఉన్నవారికంటే ఇళ్లలో చదివేవారు దాదాపు ఐదు రెట్లు ఉన్నారని ఆ లెక్క చెప్పింది. మన్రోగారికి ఆ సంఖ్యమీద అనుమానం కలిగింది. అయినా 1826లో రాసిన తమ నివేదికలో ఇంటి చదువును కూడా కలుపుకొని, మగపిల్లల్లో సుమారు మూడవ వంతు ఏదో ఒక చదువు పొందుతున్నారని అంచనా వేశారు. అంటే ఇల్లు కూడా చదువుకొనే చోటేనని ప్రభుత్వం ఒకసారి కాగితంమీద ఒప్పుకొంది.

ఆ ఇళ్లు ఎవరివన్నది వేరే ప్రశ్న. తండ్రి కరణమో పురోహితుడో వర్తకుడో అయిన ఇళ్లే అందులో ఎక్కువ. మాలపల్లెలో, మాదిగగూడెంలో, చేపలవారి పాలెంలో పిల్లవాడికి వీధిబడి అరుగూ లేదు, ఇంట్లో తాటాకు పుస్తకమూ లేదు. ఇంటి చదువును పొగిడేవారు ఈ సంగతి మరచిపోకూడదు.

బందరు బడి, మెట్రిక్యులేషన్

చర్చి మిషనరీ సొసైటీ పంపిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరగార్లు 1841లో బందరు చేరారు. ఫాక్స్ గ్రామాలలో సువార్త పనికి వెళ్లగా, నోబుల్ 1843లో ఇంగ్లీషు బడి తెరిచారు. తర్వాత నోబుల్ కళాశాలగా పేరు పొందినది అదే. 1852లో మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందడంతో బడి దాదాపు ఖాళీ అయిన కథ మన విద్యార్థులకు తెలిసినదే. అంతగా చెప్పుకోని సంగతి మరొకటి ఉంది. అంటరానివారని ఊరు ఎంచిన కులాల పిల్లలను నోబుల్ దొరగారు తమ బడిలో చేర్చుకోలేదు. పై కులాలవారిని ముందు గెలిస్తే మిగతావారు వస్తారన్నది ఆనాటి ఆలోచన. జరిగింది వేరు. 1859లో రాఘవాపురం మాలపల్లెనుండి పగోలు వెంకయ్యగారు డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందారు. ఆ తర్వాత కృష్ణా మండలంలో సంఘము పెరిగింది పల్లెల్లోనే, కళాశాల మెట్లమీద కాదు.

ఆ పల్లెల పిల్లలు చదివిందెక్కడ? పగలు గేదెల వెంట, నాట్లలో, కోతల్లో. రాత్రి ఉపదేశిగారి పాకలో, ఆముదపు దీపం ముందు. బాప్తిస్మపు ప్రశ్నోత్తరాలు కంఠతా వచ్చాక అక్షరాలు, అక్షరాల తర్వాత సువార్త పుస్తకం. దానిని బడి అనాలో ఇల్లు అనాలో చెప్పడం కష్టం. ఆ పాకకు హాజరుపట్టీ ఉన్నా, అది కళాశాల గుమస్తా బల్లమీదికి వెళ్లే కాగితం కాదు. మన సంఘములలో మొదటి రెండు తరాల అక్షరాస్యులు చాలామంది ఈ సగం బడి, సగం ఇల్లు చదువులోనుండి వచ్చినవారే.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇది పాఠం చెప్పే విశ్వవిద్యాలయం కాదు, పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయం. లండను నమూనాలో కట్టినది. లండను విశ్వవిద్యాలయమే 1858లో, ఏ కళాశాలలో చదివినా చదవకపోయినా పరీక్షకు రావచ్చునని తలుపులు తెరిచింది. మద్రాసు తొలి బి.ఏ.లు ఇద్దరూ ఎక్కడివారో వేదాంత విద్యార్థులు తెలుసుకోవాలి. తామోదరం పిళ్లై, ఆయన గురువు విశ్వనాథ పిళ్లై. ఇద్దరూ యాళ్పాణంలో అమెరికన్ మిషనరీలు నడిపిన బట్టికోటా సెమినరీలో చదివినవారు. ఆ సెమినరీ 1855లోనే మూతపడింది. ఒక మూతపడిన మిషను సెమినరీ విద్యార్థులు, సముద్రం దాటి వచ్చి, కొత్త విశ్వవిద్యాలయపు మొదటి పట్టాలు పట్టుకొని వెళ్లారు. మీ సెమినరీ మా జాబితాలో ఉందా అని ఆనాడు ఎవరైనా పట్టుబట్టి ఉంటే ఆ పట్టాలు ఇంకెవరికో దక్కేవి.

ఈ తలుపు 1904లో సగం మూసుకొంది. కర్జన్ ప్రభుత్వం తెచ్చిన భారత విశ్వవిద్యాలయాల చట్టం 19వ సెక్షను ప్రకారం, అనుబంధ కళాశాలలో నిర్ణీత పాఠ్యక్రమం పూర్తి చేసినట్లు పత్రం తెస్తేనే విశ్వవిద్యాలయ పరీక్షకు కూర్చోనివ్వాలి. సెనేటు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప మినహాయింపు లేదు. అయితే ఆ సెక్షను ఒక్క పరీక్షను విడిచిపెట్టింది, మెట్రిక్యులేషనును. అంటే కళాశాలలోకి ప్రవేశించే మొదటి మెట్టువద్ద ఎక్కడ చదివావన్న ప్రశ్నను చట్టమే అడగలేదు. లోపలికి వచ్చాక మాత్రం హాజరు తప్పనిసరి చేసింది. నాకు ఈ ఏర్పాటులో కొంత న్యాయం కనబడుతుంది. లోపల అడుగు అంటే కూర్చోవాలి, చర్చించాలి, గురువు చూడాలి. గడపవద్ద మాత్రం తెలుసా తెలియదా అన్నది చాలు. 1910 దరిదాపుల్లో మద్రాసు రాజధానిలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చి, బడిలో చూపిన పని కూడా విద్యార్థి పుస్తకంలోకి ఎక్కసాగింది. అక్కడినుండి బడి లేనివాడి ప్రయాణం పక్కదారి పట్టింది.

పక్కదారులు

ఆ పక్కదారుల్లో నడిచినవారిలో స్త్రీలు ఎక్కువ. భండారు అచ్చమాంబగారు 1874లో కృష్ణా మండలంలో పుట్టారు. బడి గడప తొక్కలేదు. పదేళ్లకు పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొంటుంటే ఆయన దగ్గర కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకొన్నారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. స్త్రీల చరిత్రలను గ్రంథంగా కూర్చిన ఈ తల్లికి ఏ కళాశాల ఫారంలోనైనా ఒక్క గడి అయినా నింపడానికి ఉండేది కాదు. ఆమెను పరీక్షించే తాహతు ఆనాటి బందరులో ఎందరికి ఉండేదో కూడా సందేహమే.

తర్వాతి తరానికి చెందిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ మన విషయానికి ఇంకా దగ్గర. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆమె, 1923 కాకినాడ కాంగ్రెసులో ఖాదీ ప్రదర్శన గుమ్మంవద్ద స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడి, టిక్కెట్టు లేని నెహ్రూగారిని ఆపిన పిల్ల. ఉప్పు సత్యాగ్రహంలో జైళ్లు చూసి బయటికి వచ్చేసరికి ఆమె చదువు బడిలో ఎక్కడో తెగిపోయి ఉంది. ఈసారి టిక్కెట్టు లేనిది ఆమెకే. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషనును ప్రైవేటుగా రాసి ఉత్తీర్ణులయ్యారు. అక్కడినుండి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం, ఆపైన రాజ్యాంగ సభ. తాను దాటిన దారిని ఆమె మూసిపెట్టుకోలేదు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ద్వారా బడి మధ్యలో మానిన తెలుగు స్త్రీలను అదే బెనారస్ మెట్రిక్‌కు తయారు చేశారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉండగా 1958లో, పెద్దవయసు స్త్రీలు తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయి అందుకొనే సంక్షిప్త కోర్సులను దేశమంతటా ప్రారంభించారు. గమనించండి: ఆమె ప్రమాణాన్ని తగ్గించమని అడగలేదు. ప్రమాణం వరకు చేరడానికి మరో మెట్ల వరుస కట్టారు.

మన క్రైస్తవ సంఘమునుండి చెప్పవలసినవారు గుర్రం జాషువగారు. కృష్ణకు ఆవలి గట్టున వినుకొండలో 1895లో పుట్టారు. కులం కారణంగా సంస్కృతం చెప్పే గురువు దొరకడమే కష్టమైన రోజులవి. బోధనాభ్యసన పరీక్ష ప్యాసై మిషను బడులలో పనిచేస్తూ, సొంతంగా సంస్కృతాంధ్రాలు చదివి, పరీక్షలు రాసి ఉభయ భాషా ప్రవీణ అయ్యారు. తర్వాత గుంటూరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. పరీక్ష అనేది గనుక ఆయన పక్కన ఎవరు కూర్చున్నారో చూడలేదు. తరగతి గది అయితే చూసి ఉండేది.

బందరులోనే మరొక ప్రయోగం జరిగింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను ప్రారంభించారు. సర్కారు గుర్తింపు, సర్కారు పరీక్ష రెండూ వద్దన్నారు. గడపనే వేరుగా కట్టుకొన్నారన్నమాట. బొమ్మలు, నేత, యంత్రాల పని అన్నీ నేర్పిన గొప్ప సంస్థ. కాని అక్కడ చదివిన పిల్లవాడు రేపు మద్రాసులో వైద్యం చదవాలంటే ఏ కాగితం చూపాలి? ఆ ప్రశ్న ఆదర్శంతో తీరేది కాదు. నేటి గుర్తింపు లేని మన బైబిలు పాఠశాలల విద్యార్థులు ఇదే ప్రశ్నతో నా దగ్గరికి వస్తుంటారు.

గుడివాడ ట్యుటోరియల్స్

నా యవ్వనకాలంలో గుడివాడ, బందరు వీధుల్లో ట్యుటోరియల్ కాలేజీల బోర్డులు విరివిగా కనిపించేవి. పది తప్పినవారు, బడి మానినవారు, పొలం పనులవలన హాజరు చాలనివారు అక్కడ చేరి ప్రైవేటుగా పరీక్ష కట్టేవారు. పెంకుటిల్లు, రెండు బల్లలు, ఒక నల్లబల్ల, గైడు పుస్తకాలు. మాస్టారు జవాబులు చదివేవారు, పిల్లలు రాసుకొనేవారు. ఎందరో గుమస్తాలు, కండక్టర్లు, ఉపాధ్యాయులు, కొందరు పాస్టర్లు కూడా ఆ బల్లలమీదనుండి వచ్చారు. వాటిని హేళన చేయడం సులువు. అయితే మరొక పక్క కూడా చెప్పాలి. పరీక్ష ఒక్కటే గడప అయినప్పుడు, గడపకు తాళంచెవి అమ్మేవాడు పుట్టుకొస్తాడు. ముఖ్యమైన ప్రశ్నలు పది బట్టీపట్టి గట్టెక్కినవాడికి పదకొండవది తెలియదు. హాజరు కావాలని 1904లో పట్టుబట్టినవారు ఊరికే పట్టుబట్టలేదు. ఈ రోజు అవనిగడ్డ అంటే రాష్ట్రమంతటా డీఎస్సీ శిక్షణ గుర్తొస్తుంది. ఆ సంప్రదాయం ఒక్క రోజులో పుట్టినది కాదు.

గుడివాడ ప్రస్తావన వచ్చింది కనుక ఒక్కమాట. ఆ ఊరి కళాశాలకు అక్కినేని నాగేశ్వరరావుగారి పేరు ఉంది. పక్కనే రామాపురంలో పుట్టి, పేదరికంవలన ప్రాథమిక విద్యతోనే ఆగిపోయిన మనిషి. తనకు దొరకని చదువుకు విరాళమిచ్చారు. ఏటా అక్కడ చేరే పిల్లలు ఫారంమీద రాసే పేరు, ఆ ఫారం నింపడానికి అర్హత లేని మనిషిది.

తుపాను కొట్టుకుపోయిన కాగితాలు

1977 నవంబరు 19. దివిసీమవారికి ఆ తేదీ చెబితే చాలు. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప, హంసలదీవి. సుమారు పదివేలమంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. మూడవ తరగతి. మా ఊరి బడి పైకప్పు ఎక్కడ పడిందో ఎవరికీ తెలియలేదు. మేము మందిరంలో ఉండి బ్రతికాము. మా నాన్నగారు ఉపదేశి. ఆ తర్వాత ఏడాదిన్నరపాటు నాకూ, మరో పదకొండుమంది పిల్లలకూ గుడారంలో, తర్వాత తుపాను కాలనీ ఇంటి అరుగుమీద ఆయనే పాఠం చెప్పారు. సహాయానికి వచ్చినవారు ఇచ్చిన పలకలు, ఒక పెద్దబాలశిక్ష, ఉప్పునీట తడిసి ఉబ్బిన బైబిలు. ఎక్కాలు తప్పితే ఆయన కొట్టేవారు కాదు. మళ్లీ మొదటినుండి చెప్పించేవారు. అది కొట్టడంకంటే కష్టంగా ఉండేది.

ఆరవ తరగతికి వెళ్లేసరికి ఒక ఉన్నత పాఠశాలలో రికార్డు షీటు అడిగారు. ఊరి బడి రిజిస్టర్లు సముద్రంలో ఉన్నాయని నాన్నగారు చెప్పారు. "అయితే మేమేం చేస్తామండీ, కాగితం కావాలి గదా" అన్నారు అక్కడి గుమస్తా. ఆయన చెడ్డవారు కాదు, నియమం అలా ఉంది. మరో ఊళ్లో ఒక ప్రధానోపాధ్యాయులు నన్ను తమ గదిలో కూర్చోబెట్టి, ఒక పేజీ ఉక్తలేఖనం చెప్పి, మూడు భాగాహారాలు ఇచ్చి, పంతొమ్మిదో ఎక్కం అప్పగించమన్నారు. పదిహేడు దగ్గర ఒకసారి తడబడ్డాను. "చేర్చుకోండి" అన్నారు. అరగంట పట్టింది. నా బి.ఏ., బి.డి. ఆ అరగంటమీద నిలబడ్డాయి. నాతో అరుగుమీద చదివిన పదకొండుమందిలో ఆ అరగంట దొరకనివారు ఎక్కువ.

చట్టంలో ఉన్న గడి

ఈ వ్యాసం రాయడానికి పాత ఉత్తర్వులు తిరగేస్తుండగా నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఇది. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మన రాష్ట్రంలో కళాశాల సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయించింది. స్థానికుడు ఎవరు? అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతపు విద్యాసంస్థల్లో చదివినవాడు. అందుకే మనందరికీ స్టడీ సర్టిఫికెట్ల బెడద. అయితే ఉత్తర్వు అక్కడ ఆగలేదు. ఆ నాలుగేళ్లు పూర్తిగా గాని, వాటిలో కొంత భాగం గాని ఏ విద్యాసంస్థలోనూ చదవనివాడు ఉంటే, ఆ కాలంలో అతడు ఆ ప్రాంతంలో నివసించి ఉంటే చాలునంది. "కొంత భాగం" అన్న మాట చూడండి. సగం బడి, సగం ఇల్లు చదివిన పిల్లవాడిని ఉత్తర్వు రాసినవారు ముందే ఊహించారు. ఎంసెట్ ప్రవేశాలలో కూడా, బడిలో చదవక ప్రైవేటుగా చదివినవారు స్టడీ సర్టిఫికెట్ల బదులు అర్హత పరీక్షకు ముందు ఏడేళ్ల నివాస ధ్రువపత్రం ఇవ్వవచ్చునని పత్రాల జాబితాలో ఉండేది. తహశీల్దారు కార్యాలయం ఇచ్చే కాగితం అది. ఇంటి వద్ద చదివాను అన్న మాటకు చట్టంలో ఒక గడి ఉంది.

తర్వాతి తలుపులు క్లుప్తంగా చెబుతాను. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1991నుండి అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది. ఏ సర్టిఫికెట్టు లేనివారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకోవడం దాని ప్రత్యేకతగా ఉండేది. జాతీయ ఓపెన్ స్కూలు 1989లో, మన రాష్ట్ర ఓపెన్ స్కూలు సొసైటీ 1991లో వచ్చాయి. పద్నాలుగేళ్లు నిండితే పదవ తరగతికి కట్టవచ్చు. జాతీయ సంస్థలో ఐదేళ్లలో తొమ్మిది పర్యాయాలుగా, వీలైనన్ని సబ్జెక్టులు రాసుకొంటూ పూర్తి చేయవచ్చు. పడవ పనికి వెళ్లే కుర్రవాడికి ఇది ఎంత మేలో దివిసీమలో పనిచేసే కాపరులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ పట్టాలమీద అపనమ్మకం మాత్రం త్వరగా పోలేదు. ఓపెన్ స్కూలులో చదివినవారు వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ రాయడానికి వీల్లేదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. వివాదం 2024లో సుప్రీంకోర్టులో వారికి అనుకూలంగా ముగిసింది. మరొక వైపు 2009లో అదే సుప్రీంకోర్టు, అణ్ణామలై విశ్వవిద్యాలయం కేసులో, తొలి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన పీజీ పట్టా చెల్లదని చెప్పింది. రెండూ కలిపి చదివితే ఒక తేడా తెలుస్తుంది. మెట్టు దాటవేయడం వేరు, మెట్టును ఇంటినుండి ఎక్కడం వేరు. అమెరికాలో ఇంటి చదువులు పెరిగినప్పుడు కూడా అక్కడి కళాశాలలు చాలావరకు ఈ తేడాతోనే కుస్తీ పట్టాయి. బడి వేసిన మార్కులను నమ్మి, తల్లి వేసిన మార్కులను నమ్మక, ఇంటి పిల్లలనుండి శాట్ వంటి పరీక్షల మార్కులు అదనంగా అడిగాయి. అదనపు పరీక్ష పెట్టడం భారమే. అయినా ఫారం తిప్పి పంపడంకంటే గౌరవం.

మన గడప

ఇక మన ఇంటి సంగతి. మనకు బి.డి. పట్టా ఇచ్చే శ్రీరాంపూర్ కళాశాలను 1818లో స్థాపించిన విలియం కేరీ చెప్పులు కుట్టే పనివాడు. విశ్వవిద్యాలయంలో చదవలేదు. లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు పని చేసుకొంటూ నేర్చుకొన్నారు. ఆ కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టాలిచ్చే అధికారం ఇచ్చారు. నేడు బి.డి.లో చేరాలంటే డిగ్రీ ఉండాలి గనుక కేరీగారు తాము పెట్టిన కళాశాలలో తామే చేరలేరు. మన ప్రాంతం దోర్నకల్ మేత్రాసనంలో ఉన్న రోజుల్లో బిషపు అయిన వి.ఎస్. అజరయ్యగారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, జబ్బుచేసి లెక్కల పరీక్ష రాయలేక బి.ఏ. పూర్తి చేయలేదు. 1912లో బిషపు అయ్యారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. దోర్నకల్‌లో ఆయన ఊరి బడి పంతుళ్లను, ఉపదేశులను తయారు చేసిన విధానం, పల్లె పాకలో చదివినవారిని నమ్మడంమీద కట్టినది. తిమోతికి మొదటి పాఠశాల అవ్వ లోయి, తల్లి యునీకే. పౌలు కూర్చున్నది గమలీయేలు పాదాలవద్ద. ఇద్దరూ కలిసే పనిచేశారు.

నేను ప్రమాణాలు తగ్గించమనడం లేదు. మూడు వాక్యాలు తప్పులేకుండా రాయలేని పట్టభద్రులను ఇంటర్వ్యూలలో చూశాను. వారి ఏడు గడులూ నిండే ఉన్నాయి. మన కళాశాలలు ప్రతి దరఖాస్తుదారునికి, బడిలో చదివినవారికి కూడా, ఒక పూట పరీక్ష పెట్టాలన్నది నా మనవి. ఒక వాచకభాగం చదివి భావం రాయడం, ఒక పేజీ సొంత రచన, మౌఖికంగా కొన్ని ప్రశ్నలు. దానికి విశ్వవిద్యాలయం అనుమతి అవసరం లేదు. ఓపెన్ స్కూలు ఇంటర్మీడియట్ ఉన్నవారి స్టడీ సర్టిఫికెట్ల స్థానంలో నివాస ధ్రువపత్రం తీసుకోవడానికీ అడ్డు లేదు.

ఆ అమ్మాయి విషయంలో అదే చేశాం. తల్లి కూలి మానుకొని మూడుసార్లు తహశీల్దారు కార్యాలయానికి తిరిగింది. "అయ్యగారూ, మేం ఇక్కడే ఉన్నామని కూడా కాగితం కావాలా?" అని అడిగింది. కావాలమ్మా అన్నాను. ఏడేళ్ల నివాస ధ్రువపత్రం జతచేసి, 1974 ఉత్తర్వు సంగతి వివరిస్తూ, పరీక్ష పెట్టి చూడమని కోరుతూ కమిటీకి ఉత్తరం రాశాను. చాలా చర్చ తర్వాత, మినహాయింపుగా, ఒప్పుకొన్నారు. మూడు గంటలు రాసింది. యోనా గ్రంథంపై ఇచ్చిన ప్రశ్నకు, వల వేసేవాళ్ల ఇంటి పిల్ల గనుక కాబోలు, ఓడవారి పక్షంనుండి జవాబు రాసిందని పరీక్షించినవారు తర్వాత నాతో చెప్పారు. ఇప్పుడు బి.టి.హెచ్. రెండవ సంవత్సరం.

ఈ ఏటి ఫారం మొన్ననే వచ్చింది. ఏడు గడులూ అలాగే ఉన్నాయి. ఈసారి మా సంఘములనుండి ఇద్దరు వెళ్లాలి. ఒకడు చేపల చెరువు కాపలాకు పోతూ ఓపెన్ స్కూలులో ఇంటర్మీడియట్ రాసినవాడు. సోమవారం తహశీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చి వచ్చాము.